పలుపు లేని వ్యాను

గుడియాత్తంలో మా ఇంట్లో అప్పటికి పదిహేడు మందిమి. పెద్దవాళ్ళం తొమ్మిది, పిల్లలు ఎనిమిది. అందరినీ ఇక్కడ ప్రస్తావించను. ఈ సంగతిలో చెయ్యి పెట్టినవాళ్ళు నలుగురే: మా మామ, మా అత్త, వాళ్ళ పెద్దకొడుకైన మా బావ, చిన్నకొడుకైన మా ఆయన. 1954 తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, ఒక పాత వ్యాను కొనడానికి మామ బయలుదేరినప్పుడు ఇంట్లో ఉన్న రొక్కం రెండువేల ఆరువందలు. కాగితాల్లో పేరు మార్పుకు, రంగుకు, మొదటి పెట్రోలుకు రెండువందలు తీసి పక్కన పెట్టాము. మిగిలిన రెండువేల నాలుగువందలకు పదిహేడు మంది పట్టే బండి దొరకాలి. అది నన్ను వేలూరు ఆసుపత్రికి చేర్చగలిగేదై ఉండాలి. నాకు అప్పుడు ఏడో నెల.

బండి ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలంటే ముందటి ఏడు ఎండాకాలం చెప్పాలి. ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు, వస్తుందని తెలిసిపోయింది. చిత్తూరు ఎవరిది, తిరుత్తణి ఎవరిది అని రెండు పక్కలా గొడవలు. ఒకరోజు బస్సులు నిలిచిపోయేవి, మరుసటి రోజు నడిచేవి. అవి నిలిచిపోయిన ఒక రోజు పొద్దున్నే బావ భార్యకు నొప్పులు వచ్చాయి. ఆమెను నేను అక్క అనేదాన్ని. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తన వల్ల కాదనీ, వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మనీ మంత్రసాని చెప్పింది. రైలు వెళ్ళిపోయింది. ఎద్దుల బండి కట్టారు. బావ తోలాడు. లోపల అత్త, నేను, అక్క.

పళ్ళికొండకు ఇవతల రోడ్డుకు అడ్డంగా ఒక చెట్టు నరికి పడేసి ఉంది. అటు నలభై, యాభై మంది కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. సాయంత్రం దాకా ఏ బండీ పోకూడదన్నారు. బావ దిగి అరవంలో బతిమాలాడు. వాళ్ళు వినలేదు. బావ నోట్లోంచి తెలుగులో ఒక తిట్టు వచ్చింది. దానితో ఒక కర్ర ఆయన భుజం మీద పడింది. ఒక రాయి ఎడమ ఎద్దు కంటికి తగిలింది. ఎద్దు బెదిరి బండిని రోడ్డు దింపి గుంటలోకి లాగింది. అక్క నా చేతుల్లోంచి జారి బండి పలకకు కొట్టుకుంది. మళ్ళీ పట్టుకునే సరికి నా చీర మోకాళ్ళ దాకా తడిసిపోయింది. బండి అడుగు పలకల సందుల్లోంచి నెత్తురు కిందికి కారడం చూసి, ఆ మనుషులే అరుచుకుంటూ చెట్టును పక్కకు లాగారు. లోపల కాన్పు మనిషి ఉందని వాళ్ళకు అప్పటిదాకా తెలియదు. దారి వచ్చింది గాని అక్క అక్కడే పోయింది. బిడ్డ లోపలే పోయింది.

ఇంటికి తిరిగి వచ్చి శవాన్ని దించాక బావ గొడ్డలి తీసుకున్నాడు. బండి చక్రాలు నరికాడు, కాడి నరికాడు. తర్వాత గొడ్డలి తిరగేసి కామతో ఎడమ ఎద్దును కొట్టడం మొదలుపెట్టాడు. దాని ముందుకాలు విరిగేదాకా కొట్టాడు. ఎద్దు అరుపు వీధి చివరిదాకా వినబడింది. మామ లుంగీల వ్యాపారానికి రాకముందు ఇరవై ఏళ్ళు ఎద్దుల బేరగాడు. పరదరామి నుంచి ఒడుగత్తూరు దాకా ఆయన చెయ్యి పెట్టని సంత లేదు. ఆయన చెర్నాకోల తీసుకువచ్చి, కోడలి శవం వాకిట్లో ఉండగానే కొడుకును కొట్టాడు. ముప్పై ఏళ్ళ మనిషి. చొక్కా చీలింది, వీపు చీలింది. బావ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా మధ్యలో మా అత్త మాటలు మోసేది.

నాకు కడుపు నిలిచిందని తెలిసిన రోజు అత్త మామ ముందు నిలబడి, ఇంకొక కోడల్ని ఎద్దుల బండిలో పంపనని చెప్పింది. మామ, "బస్సును నమ్మేది లేదు, రైలును నమ్మేది లేదు. ఇంటిల్లిపాదీ పట్టే మోటారు ఒకటి కొందాం. ఎవుర్నీ ఇడిసిపెట్టి పొయ్యేది లేదు," అన్నాడు.

మా ఆయన అంతకుముందు రెండేళ్ళు ఆంబూరులో తోళ్ళ షాపు లారీ తోలాడు. ఆ పని మామకు సిగ్గు. ఇంటికి వస్తే బావి దగ్గర స్నానం చేసి గాని లోపలికి రానిచ్చేవాడు కాదు. అయినా ఇంట్లో ఇంజను తెలిసినవాడు ఆయనొక్కడే. వ్యాను చూడడానికి మామ, బావ, మా ఆయన ముగ్గురూ వేలూరు పోయారు. నెలనెలా ఆసుపత్రిలో చూపించుకునే రోజు అదే కావడంతో నేనూ వెళ్ళాను.

వేలూరు సైదాపేటలో పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పిన పొడుగు కారు ఒకటి చూశాము. బావకు అది నచ్చింది, ఇంజను బాగుందని. తొమ్మిది మందికి మించి పట్టదు. ధర మూడువేలు. కాట్పాడిలో ఒక పాత బస్సు. ఇరవై మంది పడతారు, పదహారువందలే. మా ఆయన కిందికి దూరి చూసి, అడుగు ఇనుము రెండు చోట్ల విరిగి అతికించి ఉందన్నాడు. మూడోది బాగాయం రోడ్డులో ఒక షెడ్డు ముందు ఉంది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన వ్యాను. వెనక కొయ్య పని చేయించి, రెండు పక్కలా బల్లలు వేశారు. నేను జట్కా దిగి నా జానతో బల్లలు కొలిచాను. పక్కకు నలుగురు పెద్దవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో, మధ్యలో పిల్లలు, ముందు ఇద్దరు. సరిపోతుంది. ఒక మనిషి పడుకోవాలంటే ఒక బల్ల ఖాళీ చేస్తే చాలు.

మామ ఆ వ్యానును ఎద్దును చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు, ప్రక్కల మీద అరచేత్తో చరిచాడు, చక్రాలను కాలితో తన్నాడు, నడక చూడాలని ముందుకూ వెనక్కూ తోలించాడు, ఇంజను మూతకు చెవి ఆనించి ఊపిరి విన్నాడు. మా ఆయన నూనె చూసి, తీగలు చూసి, "నాయనా, ఇంజను మంచిదే. బ్యాటరీ మాత్రం చచ్చినాది. హ్యాండిలేసి తిప్పితేనే లేస్తాది," అన్నాడు. ముందునుంచి దూర్చి తిప్పే ఇనుప కమ్మీని హ్యాండిల్ అనేవాళ్ళు. మామ గమ్మునుండమన్నాడు.

అమ్మేవాడు కూడా తెలుగువాడే. అతనూ ఒకప్పుడు సంతల్లో తిరిగినవాడే, మామకు ముఖపరిచయం. రాష్ట్రం వచ్చింది కనుక అంతా అమ్ముకుని చిత్తూరు పోతున్నాడు. కూర్చోగానే ఎగతాళి మొదలుపెట్టాడు.

"ఏం మామా, గుడియాత్తం అరవోళ్ళకు పాయె గదా. లుంగీలు ఇంగ అరవంలో నేస్తారా?"

"నూలుకు బాసేందిరా," అన్నాడు మామ. "నువ్వు చిత్తూరు పొయ్యి నీ ఇనుమును తెలుగులో తుప్పు పట్టిచ్చుకో."

అతను నవ్వి భుజం మీది తువ్వాలు తీసి చాచాడు. మామ తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు. సంతలో పక్కవాడికి ధర తెలియకుండా అలాగే బేరం చేస్తారు. రెండు వేలు అని ముందే పైకి అనుకున్నారు. ఆ పై వందలు వేళ్ళతో. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలు. మొహాలు మాత్రం వానల గురించి, పశువుల మేత గురించి మాట్లాడుతుంటాయి.

నేను జట్కాలో కూర్చుని తువ్వాలునే చూస్తున్నాను. మొదట అది మెల్లగా కదిలింది. తర్వాత ఒక్కసారి బిగుసుకుపోయింది. మామ మాట మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంది. ఆయన చెంప మీద చెమట కారుతోంది. అమ్మేవాడి మెడ నరం లేచింది. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. లోపల ఎవరి వేలు ఎవరు విరుస్తున్నారో పైకి తెలియదు. అరుస్తే ఓడినట్టు. చాలాసేపటికి చేతులు బయటికి వచ్చాయి. మామ నడిమివేలు గోరు ఊడి వేలాడుతోంది. అమ్మేవాడి వేలికున్న ఉంగరం మాంసంలోకి దిగి నెత్తురు కారుతోంది. తువ్వాలు ఎర్రబడింది. రెండువేల నాలుగువందలకు తెగింది.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చాము. అతను వ్యాను ముందుకు పోయి, హ్యాండిల్ ఊడదీసి, దాన్ని నెత్తుటి తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"పలుపు నాది మామా," అన్నాడు.

తెలియనివాళ్ళకు చెబుతాను. సంతలో ఎద్దును అమ్మినవాడు దాని మెడ పలుపు ఇవ్వడు. పలుపు పోతే కొట్టంలోని కలిమి దానివెంట పోతుందని నమ్మకం. కొన్నవాడే కొత్త పలుపు తెచ్చుకోవాలి. ఈ నియమం తప్పిన బేరగాడితో ఎవరూ తువ్వాలు కింద చెయ్యి పెట్టరు. మామ ఇరవై ఏళ్ళు దాన్ని తప్పలేదు. ఆ మాట చెవిన పడగానే ఆయన తల దానంతట అదే ఊగింది.

బావ తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి తండ్రితో మాట్లాడాడు. "నాయనా, అది పలుపు కాదు. ఇనుము."

"చేతులు కలిసినాయి. అంతే," అన్నాడు మామ.

మా ఆయన ఆగలేకపోయాడు. హ్యాండిల్ లేకుండా బండి లేవదని, రేపు ఇంట్లో నొప్పులు పడే మనిషి ఉందని, వాడు మోసం చేస్తున్నాడని అన్నాడు. మామ గోరు ఊడిన చేత్తోనే ఆయన మొహం మీద కొట్టాడు. ముక్కులోంచి నెత్తురు కారింది. ఆ నెత్తురు ఎవరిదో, తండ్రిదో కొడుకుదో, చొక్కా ఉతికేటప్పుడు నాకు తెలియలేదు. షెడ్డు దగ్గరి కూలీలకు రూపాయి ఇచ్చి వ్యాను తోయిస్తే లేచింది. ఎక్కడా ఆపకుండా గుడియాత్తం చేరాము.

మరుసటి రోజు పొద్దున బావ ఎవరికీ చెప్పకుండా వేలూరు పోయాడు. అమ్మినవాణ్ణి హ్యాండిల్ ఇవ్వమని అడిగాడు. తర్వాత అడగడం మానేసి అతని గొంతు పట్టుకున్నాడు. షెడ్డులో పనివాళ్ళు ముగ్గురు ఉన్నారు. సాయంత్రం బావ ఇంటికి వచ్చినప్పుడు కనుబొమ మీద చర్మం తెగి కంటిమీదికి వాలి ఉంది, రెండు పళ్ళు లేవు. చేతుల్లో ఏమీ లేదు. అత్త పసుపు అద్దుతుంటే మామ గడప దగ్గర నిలబడి, "నా మాటను పోగొట్టి వచ్చినావు," అన్నాడు. "ఎద్దుల బండిలో అక్కను చంపినట్టే దీన్నీ చంపుతావు నువ్వు," అన్నాడు బావ. తన భార్యను ఆయన ఏనాడూ అక్క అనలేదు. నన్ను చూస్తూ నా మాటతో అన్నాడు. మామ మళ్ళీ చెర్నాకోల కోసం దూలం మీదికి చెయ్యి చాచాడు. అత్త మధ్యకు వచ్చింది. మొదటి దెబ్బ ఆమె మోచేతి మీద పడింది. ఆయన పెళ్ళాన్ని కొట్టడం అదొక్కసారే. చెర్నాకోలను తీసుకుపోయి తనే పొయ్యిలో పెట్టాడు.

కొత్త పలుపు తెచ్చుకోవడం కొన్నవాడి పని కనుక మామ కమ్మరి దగ్గర కూర్చుని ఒక హ్యాండిల్ చేయించాడు. చూడడానికి అలాగే ఉంది. మా ఆయన దాని కొన చూసి పెదవి విరిచాడు. అసలు హ్యాండిల్ కొన వాలుగా చీల్చి ఉంటుందట. ఇంజను లేవగానే అదే జారి బయటికి వస్తుంది. కమ్మరి చీలిక నిట్టనిలువుగా చేశాడు. ఇంజను లేచినా, వెనక్కి తన్నినా ఈ హ్యాండిల్ జారదు, పట్టుకున్న చేతిని విరుస్తుంది. ఈ సంగతి మా ఆయన నాతో చెప్పాడు, బావతో చెప్పాడు. మామతో చెప్పడానికి ఆయన ముక్కు ఇంకా మానలేదు. రోజూ తనే భయంగా, బొటనవేలు చుట్టకుండా పట్టుకుని తిప్పేవాడు. పనిచేసింది.

రెండు నెలలు తిరిగి పంగుని నెలలో, అనుకున్నదానికి మూడు వారాలు ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ నాకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని చెయ్యి కడుక్కుని, కాళ్ళు ముందు వస్తున్నాయి, వేలూరు పోండి అని చెప్పింది. ఆ మాటకు ఇంట్లో కంచాలు ఎక్కడివక్కడ ఉండిపోయాయి. నన్ను ఎడమ బల్ల మీద పడుకోబెట్టారు. అత్త అందరినీ ఎక్కమంది, పిల్లలను కూడా. దారిలో బండి ఆగితే తొయ్యడానికి చేతులు కావాలి, పిల్లల్ని వదలడానికి ఇంట్లో మనిషి ఉండదు. మా ఆయన తోలే చోట కూర్చున్నాడు. బావ హ్యాండిల్ పట్టుకున్నాడు. మామ వచ్చి దాన్ని లాక్కున్నాడు.

"ఇయ్యి రా. నేను తెచ్చిన పలుపు. నేనే పడతా."

"జారదు నాయనా అది. చెయ్యి పోతాది."

"పోనీ."

ఇద్దరూ ఒక ఇనుప కమ్మీని చెరో కొనా పట్టుకుని గుంజుకోవడం నాకు పడుకున్న చోటు నుంచి ముందు అద్దంలోంచి కనబడుతోంది. నా నోట్లోంచి అరుపు వచ్చింది. బావ వదిలేశాడు. మామ ఒకసారి తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. రెండోసారి ఒళ్ళంతా వేసి తిప్పాడు. వెనక్కి తన్నింది. కట్టె విరిగినట్టు చప్పుడు ఇంజను చప్పుడులోనూ వినబడింది. మామ ముంజేయి మధ్యలో ఇంకొక మోచెయ్యి ఉన్నట్టు వంగింది, ఎముక కొన తెల్లగా బయటికి వచ్చింది. హ్యాండిల్ ఊడి ఎగిరి ఆయన దవడకు తగిలింది. ఇంజను మాత్రం లేచింది. బావ తండ్రిని మూట ఎత్తినట్టు ఎత్తి లోపల నా ఎదురు బల్ల మీద పడేశాడు. కింద పడ్డ హ్యాండిల్ తీసుకుని తనూ ముందు ఎక్కాడు.

పదిహేడు మందిమీ ఉన్నాము. పిల్లలు మామ చేతిని చూసి ఏడుస్తుంటే అత్త వాళ్ళ మొహాలను తన కొంగులోకి లాక్కుంది. ఎదురు బల్ల మీద మామ మూలగలేదు. పళ్ళ మధ్య తువ్వాలు కుక్కుకుని నన్నే చూస్తున్నాడు. పాలారు దగ్గర రోడ్డు మీద ఇసుక మేట వేసిన చోట చక్రం దిగబడింది. ఇంజను ఆపకుండా మా ఆయన అరుస్తుంటే అందరూ దిగి తోశారు. ఆడవాళ్ళు కొంగులు బిగించుకుని భుజాలు ఆనించారు. బావ వెనక చక్రానికి వీపు ఆనించాడు. చక్రం తిరిగి ఆయన వీపు మీది పాత చారలను మళ్ళీ చీల్చింది. బండి బయటపడింది.

పళ్ళికొండ దగ్గర, ముందటేడు ఆ చెట్టు పడేసిన చోటికి వస్తుండగా బావ హ్యాండిల్‌ను ఒక చేత్తో పైకెత్తి, తలుపు తెరిచి మెట్టు మీద నిలబడ్డాడని తర్వాత మా ఆయన చెప్పాడు. ఆ రోజు ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టి ఉంటే చచ్చేవాడే. ఎవరూ లేరు. రోడ్డు పక్క ఒక ముసలామె పుచ్చకాయలు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె బావను చూసి కాయలు వదిలి పరుగెత్తింది.

ఆసుపత్రిలో నన్ను ఒక తలుపులోకి, మామను ఇంకొక తలుపులోకి తీసుకుపోయారు. నాకు కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బతికింది. నేనూ బతికాను. మామ చెయ్యి అతికింది గాని వంకరగా అతికింది.

రెండు ప్రాణాలూ దక్కాయని నర్సు వాకిట్లోకి వచ్చి చెప్పినప్పుడు మావాళ్ళందరూ వ్యాను చుట్టూ నేల మీద కూర్చుని ఉన్నారట. బావ నిలబడి ఉన్నాడు. పొద్దు ఇంకా వాలలేదు. ఆయన ఆకాశం వైపు చూసి, వచ్చిన రోడ్డు వైపు చూసి, తమ్ముణ్ణి అడిగాడు.

"ఇంత దగ్గర్నే ఉండాదా వేలూరు?"

బావ వ్యాను ముందుకు పోయి దాన్ని పిడికిళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. మూత మీద కొట్టాడు, లైటు మీద కొట్టాడు. లైటు పగిలి గాజు చేతిలో దిగినా ఆపలేదు. ఆసుపత్రి కాపలావాడు పట్టుకోబోతే మా అత్త అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. బావ చేతులు లేవడం మానేసేదాకా కొట్టి అక్కడే చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. అక్క పోయిన రోజు కూడా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు.

ఆ లైటు మార్పించడానికి పద్నాలుగు రూపాయలు అయింది. ఎలా పగిలిందని మామ అడగలేదు.